గర్భసంచి తీయడానికి ముందే క్యాన్సర్ నిపుణుల దగ్గరికి పంపాలి

సంపాదకులకు నమస్కారం.

మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లోనూ క్యాన్సర్ డే కేర్ కేంద్రాలు ఏర్పాటు చేస్తామని, వాటిలో 200 కేంద్రాలు 2025–26లోనే వస్తాయని 2025 ఫిబ్రవరి నాటి కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ముందు స్త్రీల వార్డుల్లో, ఆ తరవాత క్యాన్సర్ వార్డులో నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేసిన నాకు ఈ ప్రకటన సంతోషం కలిగించింది. ఊరికి దగ్గరలోనే కీమో ఎక్కించుకుని సాయంత్రానికి ఇల్లు చేరగలగడం పేద కుటుంబానికి ఎంత ఊరటో కళ్లారా చూసినదాన్ని. అయితే గర్భాశయ ముఖద్వారానికి, గర్భాశయానికి, అండాశయాలకు వచ్చే క్యాన్సర్లలో రోగి బతికి బయటపడటం కీమో ఎక్కడ ఎక్కించారన్న దానికన్నా, మొట్టమొదటి ఆపరేషన్ ఎవరు చేశారు, ఏ పరీక్షలు చూశాక చేశారు అన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. మన రెండు రాష్ట్రాల్లోనూ చాలామంది స్త్రీల విషయంలో ఆ మొదటి అడుగే తప్పుగా పడుతోంది. దాన్ని సరిదిద్దే అధికారం ప్రభుత్వాల చేతిలోనే ఉంది కనుక ఈ లేఖ రాస్తున్నాను.

నలభై దాటిన స్త్రీకి నెలసరికీ నెలసరికీ మధ్య రక్తం కనబడుతుంది, లేదా దుర్వాసనతో తెల్లబట్ట అవుతుంది, లేదా ముట్లుడిగి ఏళ్లు గడిచాక మళ్లీ ఎర్రబట్ట కనబడుతుంది. ఇంట్లో చెప్పుకోలేక కొన్ని నెలలు, ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలతో మరికొన్ని నెలలు గడిచిపోతాయి. చివరికి దగ్గరి పట్టణంలో నర్సింగ్‌హోంకు వెళితే స్కానింగ్ తీసి, గర్భసంచి వాచిందనో పుండు పడిందనో చెప్పి, పిల్లలు పుట్టడం అయిపోయింది కాబట్టి తీయించేసుకుంటే పీడ వదిలిపోతుందని సలహా ఇస్తారు. ముఖద్వారాన్ని కంటితో చూసి, అనుమానం ఉన్నచోట చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలన్న పని చాలాసార్లు జరగనే జరగదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం ఉన్నారు. ఈ ఆపరేషన్లలో ఎన్నో అవసరం లేనివన్న చర్చ మన పత్రికల్లో అప్పుడప్పుడూ జరుగుతూనే ఉంది. వాటి మధ్య క్యాన్సర్ ఉన్న స్త్రీలు కూడా ఉంటారని, వాళ్లకు ఆ ఆపరేషన్ వల్ల జరిగే నష్టం వేరే రకానిదని మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడటం లేదు.

ఆ నష్టం ఎలాంటిదో కొంచెం వివరంగా చెప్పనివ్వండి. ముఖద్వార క్యాన్సర్ తొలి దశలో ఉన్నప్పుడు చేసే ఆపరేషన్, మామూలుగా గర్భసంచి తీసే ఆపరేషన్ ఒకటి కావు. సాధారణంగా ఈ క్యాన్సర్‌కు గర్భాశయంతో పాటు దానికి రెండు పక్కలా ఉండే కణజాలాన్ని, యోని పైభాగాన్ని కొంత, కటి భాగంలోని లింఫ్ గ్రంథులను కూడా తొలగించాలి. కిడ్నీల నుంచి వచ్చే మూత్రనాళాలు సరిగ్గా ఆ కణజాలం మధ్య నుంచే పోతాయి కనుక, వాటికి దెబ్బ తగలకుండా విడదీయడానికి ప్రత్యేక శిక్షణ కావాలి. కాన్పులు, సిజేరియన్లు ఎంతో నేర్పుగా చేసే డాక్టరుకైనా ఈ శిక్షణ దానంతటదే రాదు, రాకపోవడం వారి తప్పూ కాదు. రెండు సెంటీమీటర్లు మించని, ముప్పు తక్కువగా ఉన్న కొన్ని కణితులకు మామూలు ఆపరేషన్ సరిపోతుందని 2024లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం చూపించిన మాట నిజమే. అయితే ఆ సంగతి ముక్క పరీక్ష, ఎంఆర్‌ఐ, నిపుణుల పరీక్ష అన్నీ అయ్యాక తేలవలసిందే తప్ప, ఆపరేషన్ బల్ల మీద ఊహించుకోవలసింది కాదు. చిన్న కోతలతో, కుట్లు కనబడకుండా చేస్తామన్న ప్రకటనలు చూసి మోసపోవద్దని కూడా చెప్పాలి. తొలి దశ ముఖద్వార క్యాన్సర్‌లో పొట్ట కోసి చేసిన ఆపరేషన్‌నూ, చిన్న రంధ్రాల ద్వారా చేసిన ఆపరేషన్‌నూ పోల్చి 2018లో ప్రచురించిన పరిశోధనలో, నాలుగున్నరేళ్ల తరవాత జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు మొదటి పద్ధతిలో 96.5 శాతం, రెండో పద్ధతిలో 86 శాతం.

మన దగ్గర ఎక్కువ మంది తొలి దశలో రారు. కణితి పెద్దదై పక్కలకు పాకిన దశలో వస్తారు. అప్పుడు అసలు చికిత్స ఆపరేషన్ కాదు, జనం కరెంటు పెట్టడం అని చెప్పుకునే రేడియేషన్. వారానికి అయిదు రోజుల చొప్పున సుమారు అయిదు వారాలు బయటి నుంచి ఇచ్చే రేడియేషన్, దానితో పాటే వారానికొకసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు, ఆ పైన లోపలి నుంచి ఇచ్చే బ్రాకీథెరపీ, ఈ మూడూ కలిస్తేనే వైద్యం పూర్తయినట్టు. బ్రాకీథెరపీలో సన్నని గొట్టాన్ని యోని మార్గం ద్వారా గర్భాశయం లోపలికి పంపి, రేడియోధార్మిక మూలకాన్ని కణితికి ఆనుకుని నిలబెడతారు. మూత్రాశయం, పేగు ఎక్కువగా దెబ్బతినకుండా కణితికి మాత్రం గట్టి మోతాదు అందడానికి ఇంతకు మించిన మార్గం లేదు. ఆ గొట్టం నిలవడానికి గర్భాశయం ఉండాలి. నర్సింగ్‌హోంలో గర్భసంచి తీసేసి, కణితిలో కొంత లోపలే మిగిలిపోయిన స్త్రీకి ఆ దారే మూసుకుపోతుంది. పైగా గర్భాశయం ఖాళీ చేసిన చోటికి పేగులు దిగుతాయి కాబట్టి తరవాత పెట్టే రేడియేషన్ వాటికి మరింత హాని చేస్తుంది. నయం కావడానికి మంచి అవకాశం ఉన్న రోగిని, నయం చేయబోయి, కష్టమైన రోగిగా మార్చడం ఇదే.

మా వార్డుకు వచ్చిన ఒక మిర్చి కూలీ గురించి చెప్పక తప్పదు. ఆమెకు ఒక పట్టణంలో గర్భసంచి తీశారు. తీసిన గర్భసంచిని పరీక్షకు పంపలేదు, లేదా పంపినా ఆ కాగితం ఆమె చేతికి రాలేదు. డిశ్చార్జి చీటీలో ఆపరేషన్ పేరు, మందుల పేర్లు తప్ప ఏమీ లేదు. కొన్ని నెలల తరవాత మళ్లీ రక్తస్రావం మొదలై, ఒక కాలు వాచి, మూత్రనాళం మూసుకుపోయి కిడ్నీ ఉబ్బిన స్థితిలో మా దగ్గరికి చేరింది. క్యాన్సర్ ఎక్కడ మొదలైంది, ఎంతవరకు ఉండేది, ఏది తీశారు, ఏది మిగిల్చారు అన్న ప్రశ్నలకు జవాబిచ్చే ఒక్క కాగితం లేకుండా డాక్టర్లు చికిత్స మొదలుపెట్టవలసి వచ్చింది. “అప్పుడే ఇక్కడికి పంపి ఉంటే బాగుండేది కదమ్మా” అని ఆమె తల్లి నన్ను అడిగింది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇలాంటి చీటీలతో వచ్చిన స్త్రీలను నా ఉద్యోగ కాలమంతా చూస్తూనే ఉన్నాను.

అండాశయ క్యాన్సర్ కథ ఇంకో రకంగా ఉంటుంది. కడుపు ఉబ్బరం, నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టు ఉండటం, పొత్తికడుపులో బరువు, మాటిమాటికీ మూత్రానికి వెళ్లవలసి రావడం వంటి లక్షణాలకు గ్యాస్ మాత్రలు మింగుతూ నెలలు గడపడం వల్ల, నలుగురిలో దాదాపు ముగ్గురికి జబ్బు కడుపంతా పాకాకే బయటపడుతుంది. స్కానింగ్‌లో కనబడ్డ గడ్డ అనుమానాస్పదంగా ఉంటే సీఏ–125 రక్తపరీక్షతో, ముట్లుడిగిందా లేదా అన్న వివరంతో కలిపి ముప్పును లెక్కగట్టే సూత్రం ఉంది. ఆ లెక్కను ఏ జిల్లా ఆసుపత్రిలోనైనా వేయవచ్చు. ముప్పు ఎక్కువగా ఉందని తేలాక ఆ గడ్డ జోలికి నిపుణులు కానివారు వెళ్లకూడదు. అండాశయానికే పరిమితమైన క్యాన్సర్ గడ్డను సూదితో పొడిచినా, తీసేటప్పుడు పగలనిచ్చినా అందులోని కణాలు కడుపులో చిందుతాయి, మొదటి దశలోనే ఉన్న జబ్బు ముప్పు పెరుగుతుంది. పాకిన దశలోనైతే కంటికి కనిపించే క్యాన్సర్ ఏమీ మిగలకుండా తీయగలగడమే రోగి ఎంతకాలం బతుకుతుందన్నదాన్ని అన్నిటికన్నా ఎక్కువగా నిర్ణయిస్తుంది. అందుకోసం కొవ్వు పొరను, కొన్నిసార్లు పేగులో కొంత భాగాన్ని, ప్లీహాన్ని, ఛాతీకీ కడుపుకూ మధ్య అడ్డుగా ఉండే ఉదరవితానం మీది పొరను కూడా తీయవలసి వస్తుంది. గంటల తరబడి సాగే ఆ ఆపరేషన్‌కు అనుభవం ఉన్న సర్జన్లు, మత్తు డాక్టరు, రక్తనిధి, ఐసీయూ అన్నీ ఒక్కచోట ఉండాలి. అంత పెద్ద ఆపరేషన్‌ను తట్టుకోలేని వారికి ముందు మూడు విడతల కీమో ఇచ్చి, తరవాత ఆపరేషన్ చేసే పద్ధతి కూడా ఉంది. ఏది ముందు, ఏది తరవాత అన్నది ఒక్కరు తేల్చేది కాదు. కడుపు కోసి చూసి, చేతిలో లేదని మూసేసి, ఆ తరవాత క్యాన్సర్ ఆసుపత్రికి పంపితే ఆ స్త్రీ రెండోసారి కోత భరించవలసిందే.

గర్భాశయం లోపొరకు వచ్చే క్యాన్సర్ గురించి ఒక్క మాట చాలు. ముట్లుడిగాక రక్తం కనబడిన స్త్రీలలో పదిమందిలో దాదాపు ఒకరికి ఇది ఉంటుంది. అవుట్‌పేషెంట్ గదిలోనే సన్నని గొట్టంతో లోపొర ముక్క తీసి పరీక్షిస్తే తెలిసిపోతుంది. ఊబకాయం, మధుమేహం పెరుగుతున్న మన పట్టణాల్లో ఇది ఇంకా ఎక్కువ కాబోతోంది. తొలి దశలో దొరికితే ఆపరేషన్‌తోనే నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ. బిడ్డకు బదులు నీటి పొక్కుల గుత్తిలా పెరిగే ముత్యాల గర్భం తరవాత, గర్భధారణ హార్మోన్ స్థాయి తగ్గకుండా పెరిగే జబ్బు సంగతి కూడా అంతే. నిపుణుల చేతిలో పడితే పదిమందిలో తొమ్మిది మందికి పైగా కీమోతోనే పూర్తిగా నయమవుతారు, ఆ తరవాత పిల్లల్నీ కంటారు. తెలియక ఆ చిన్న వయసు అమ్మాయికి గర్భసంచే తీసేస్తే ఆ నష్టాన్ని పూడ్చగలిగేది ఏదీ లేదు.

ఇతర దేశాలు ఈ పాఠాన్ని ఎప్పుడో నేర్చుకున్నాయి. బ్రిటన్‌లో 1999లో స్త్రీల జననాంగ క్యాన్సర్ల చికిత్సపై ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చి, స్థానిక ఆసుపత్రులు జబ్బును గుర్తించి పంపాలని, క్లిష్టమైన చికిత్స నిపుణుల బృందం ఉన్న క్యాన్సర్ కేంద్రాల్లోనే జరగాలని విధించింది. మన దేశంలోనూ గైనిక్ ఆంకాలజీ, అంటే స్త్రీల జననాంగ క్యాన్సర్ల వైద్యం, ఒక ప్రత్యేక సూపర్ స్పెషాలిటీగా ఉంది, అందులో ఎంసీహెచ్ అనే పై చదువు ఉంది. హైదరాబాదులో 1955 నుంచి పనిచేస్తున్న ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, 2000లో ప్రారంభమైన బసవతారకం ఆసుపత్రి, విశాఖపట్నం దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా ఆసుపత్రి మనకు ఉన్నాయి. 2012లో మొదలైన, దేశంలోని క్యాన్సర్ ఆసుపత్రులను కలిపే జాతీయ క్యాన్సర్ గ్రిడ్ ద్వారా ఒకే విధమైన చికిత్స పద్ధతులు అందుబాటులోకి వచ్చాయి. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది. తెలంగాణలో దాని పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెరిగింది, ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్‌టీఆర్ వైద్య సేవ పేరుతో కొనసాగుతోంది. ఇవన్నీ ఉన్నా మారుమూల మండలంలోని స్త్రీ సరైన చోటికి సరైన సమయంలో చేరే దారి మాత్రం ఎవరూ వేయలేదు. ఆమె అదృష్టం మీద, లేదా చదువుకున్న బంధువు ఒకరు ఉండటం మీద అది ఆధారపడి ఉంది.

పరీక్షల విషయంలో కొంత కదలిక వచ్చింది, సంతోషం. 30 నుంచి 65 ఏళ్ల స్త్రీలందరికీ అయిదేళ్లకొకసారి ముఖద్వారాన్ని ఎసిటిక్ ఆమ్లం పూసి పరీక్షించాలని 2016లోనే కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. తెలంగాణలో 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ కార్యక్రమం మొదలై మంగళవారాల్లో స్త్రీల కోసం ప్రత్యేక క్లినిక్కులు నడిచాయి. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో లక్షకు పైగా స్త్రీలతో జరిపి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ ఉందేమోనని జీవితంలో ఒక్కసారి పరీక్ష చేసినా ముఖద్వార క్యాన్సర్ మరణాలు సగానికి తగ్గాయి. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి దేశంలో 30–49 ఏళ్ల స్త్రీలలో ఒక్కసారైనా ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఏదైనా చేయించుకున్నవారు 2 శాతం కూడా లేరు. హెచ్‌ఐవీ ఉన్న స్త్రీలకు ఈ క్యాన్సర్ ముప్పు ఆరు రెట్లు ఎక్కువ కాబట్టి, హెచ్‌ఐవీ మందుల కోసం క్రమం తప్పకుండా ఏఆర్‌టీ కేంద్రాలకు వచ్చే మన ఆడబిడ్డలకు అక్కడే ఈ పరీక్ష జరిగేలా చూడవచ్చు. అయితే పరీక్షలో అనుమానం వచ్చిన స్త్రీని ఎక్కడికి పంపాలి, ఎన్ని రోజుల్లో ఆమె అక్కడికి చేరాలి, చేరిందో లేదో ఎవరు కనుక్కోవాలి అన్నది రాసి పెట్టకపోతే ఎన్ని శిబిరాలు పెట్టినా ఫలితం కాగితం మీదే ఆగిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెట్టిన లక్ష్యాల్లో టీకా, పరీక్షలతో పాటు, జబ్బు ఉందని తేలిన స్త్రీలలో 90 శాతం మందికి చికిత్స అందాలన్నది కూడా ఉందని మరిచిపోతున్నాము.

ఆసుపత్రికి చేరాక కూడా ఒక గండం ఉంది. ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్, బ్రాకీథెరపీ కలిపి ఎనిమిది వారాల్లో ముగియాలి. అంతకు మించి ఆలస్యమైన ప్రతి రోజుకూ జబ్బు అదుపులోకి వచ్చే అవకాశం సుమారు ఒక్కో శాతం చొప్పున తగ్గుతుందని దశాబ్దాల కిందటే తేలింది. ఆలస్యం ఎందుకవుతుందో నర్సులను అడగండి. నగరంలో ఉండటానికి చోటు లేక, తోడు వచ్చిన భర్త కూలి మానుకుని ఉండలేక, ఇంటి దగ్గర పిల్లలను చూసేవారు లేక, నాట్ల సమయమో పండుగో వచ్చి స్త్రీలు మధ్యలో వెళ్లిపోతారు. రక్తం తక్కువగా ఉండి ఎక్కించడానికి దాత దొరక్క కొన్ని రోజులు పోతాయి. బ్రాకీథెరపీ యంత్రంలో వాడే ఇరిడియం శక్తి 74 రోజులకు సగానికి పడిపోతుంది, కాబట్టి కొన్ని నెలలకొకసారి కొత్త మూలకం తెప్పించాలి. ఆ కొనుగోలు ఫైలు కదలకపోతే యంత్రం ఉండీ లేనట్టే. చికిత్స సాగినన్నాళ్లూ రోగికీ తోడుకూ ఉచిత వసతి, భోజనం, బస్సు ఛార్జీ ఆరోగ్య పథకంలోనే భాగం కావాలి. ఇది దయాధర్మం కింద లెక్కించవలసింది కాదు, మందు ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం.

చికిత్స అయిపోయాక మిగిలే బాధల గురించి మా వార్డుల్లో ఎవరూ నోరు విప్పేవారు కాదు. రేడియేషన్ తరవాత యోని మార్గం బిగుసుకుపోతుందని, దాన్ని వెడల్పు చేసే సాధనాన్ని కొన్నాళ్లు వాడితే చాలావరకు నివారించవచ్చని ఎంతమందికి చెబుతున్నారు? ముప్పై అయిదేళ్లకే ముట్లు ఆగిపోయిన స్త్రీకి ఒళ్లంతా ఆవిర్లు రావడం, ఎముకలు పలచబడటం, భర్తతో కాపురంలో వచ్చే ఇబ్బంది, కాళ్ల వాపు గురించి మాట్లాడటానికి ఒక మహిళా కౌన్సెలర్ ఉండటం విలాసమేమీ కాదు. అండాశయ క్యాన్సర్ వచ్చినవారిలో అయిదారుగురిలో ఒకరికి అది వంశపారంపర్యంగా వచ్చే బీఆర్‌సీఏ జన్యులోపం వల్ల వస్తుంది. కాబట్టి ఆమె కూతుళ్లకు, అక్కచెల్లెళ్లకు చెప్పవలసిన బాధ్యత కూడా ఆసుపత్రికి ఉంది. ఇక నయం కాని దశకు చేరినవారికి నొప్పి తగ్గించే మార్ఫిన్ మాత్రలు అందడానికి 2014లో చట్టాన్ని సవరించారు. అయినా జిల్లాల్లో అవి దొరక్క రాత్రంతా మూలుగుతూ గడిపే తల్లులు ఉన్నారు. నిపుణుల వైద్యమంటే వీరిని కూడా చివరిదాకా చూసుకోవడమే.

రెండు రాష్ట్రాల ఆరోగ్య మంత్రులను, అధికారులను నేను కోరేది కష్టసాధ్యమైనదేమీ కాదు. అనవసరంగా గర్భసంచి తీసే ఆపరేషన్లపై వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పు ఇస్తూ, కేంద్రం 2022లో రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. వాటి ప్రకారం జిల్లా స్థాయిలో పర్యవేక్షణ కమిటీలు ఉండాలి. ఆ కమిటీలు మన జిల్లాల్లో ఎప్పుడెప్పుడు సమావేశమయ్యాయో, ఏమి చూశాయో ప్రజలకు వెల్లడించాలి. ఆరోగ్య పథకం కింద గర్భసంచి ఆపరేషన్‌కు ముందస్తు అనుమతి ఇచ్చేటప్పుడు ముఖద్వార పరీక్ష నివేదిక, అసాధారణ రక్తస్రావం ఉన్నవారికి లోపొర ముక్క పరీక్ష నివేదిక జతచేయనిదే అనుమతి ఇవ్వకూడదు. తీసిన ప్రతి గర్భసంచినీ, ప్రతి అండాశయ గడ్డనూ పరీక్షకు పంపి, ఆ నివేదిక నకలు రోగి చేతికి ఇచ్చాకే ఆసుపత్రికి డబ్బు చెల్లించాలి. పథకం బయట, సొంత డబ్బుతో చేయించుకునే ఆపరేషన్లకు కూడా ఇదే నియమాన్ని ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్ షరతుల్లో చేర్చాలి. క్యాన్సర్ అనుమానం ఉన్న స్త్రీని గైనిక్ ఆంకాలజిస్టు, రేడియేషన్ డాక్టరు, కీమో డాక్టరు, పాథాలజిస్టు కలిసి కూర్చుని నిర్ణయం తీసుకునే ఆసుపత్రికి రెండు వారాల్లోగా చేర్చే బాధ్యతను జిల్లా ఆసుపత్రిలో ఒక నర్సుకు పేరు పెట్టి అప్పగించాలి. నిర్ణయం అక్కడ జరిగాక కీమో, రక్తపరీక్షలు, తదుపరి పరీక్షలు కొత్తగా వచ్చే డే కేర్ కేంద్రాల్లో హాయిగా జరగవచ్చు. ఆ కేంద్రాలకు అసలు ప్రయోజనం అప్పుడే చేకూరుతుంది.

ఆరోగ్యమిత్రలకు, ఆశా కార్యకర్తలకు, ఏఎన్‌ఎంలకు కూడా ఒక విషయం స్పష్టంగా చెప్పి ఉంచాలి. గర్భసంచి తీయించుకోమని ఎవరు సలహా ఇచ్చినా, ముక్క పరీక్ష కాగితం ఏదని ముందుగా అడగాలి. ఆ కాగితం లేకపోతే ఆమెను ఆపరేషన్‌కు కాకుండా జిల్లా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. మీ పత్రిక జిల్లా అనుబంధాల్లో ఈ విషయంపై వరుసగా కథనాలు ప్రచురించి, ప్రతి జిల్లాలో పర్యవేక్షణ కమిటీ పనితీరును అధికారులను అడిగి రాయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత హెడ్ నర్సు,
గుంటూరు.